భూమిలో కేబుల్ వేసి ఏడేళ్లు: తీగ బంగారం, అతుకు దరిద్రం

మా ఊళ్లో ఎవరైనా భూమిలో కేబుల్ వేయిస్తున్నామంటే నేను కంపెనీ పేరు అడగను, రేటు అడగను. "మధ్యలో అతుకుందా?" అని అడుగుతాను. ఉందంటే నాకు వెంటనే మా పెద్ద గేదె గుర్తొస్తుంది.

మాది పల్నాడు, నల్లరేగడి నేల. ఇంటి మీటరు నుంచి పొలంలో ఉన్న గొడ్ల చావిడికి 240 మీటర్లు. 2018 వేసవి దాకా వెదురు గెడల మీద సర్వీసు వైరు వేలాడుతుండేది. గడ్డి ట్రాక్టరు వచ్చిన ప్రతిసారీ ఒకడు లోడు మీద నిలబడి కర్రతో వైరు పైకెత్తి పట్టుకోవాలి. తలుచుకుంటే ఇప్పుడు ఒళ్లు జలదరిస్తుంది. బోరు సర్వీసు నుంచే లాగెయ్యొచ్చుగా అన్నవాళ్లూ ఉన్నారు. వ్యవసాయ కరెంటు బోరుకే వాడాలి. పైగా అది రోజుకి కొన్ని గంటలే, దోమలు కుట్టేదేమో రాత్రంతా.

అందుకని ఆ వేసవిలో రెండు కోర్ల అల్యూమినియం ఆర్మర్డ్ కేబుల్ (పైన ఇనప తీగల తొడుగుంటుంది), 16 ఎంఎం (అంటే తీగ మందం 16 చదరపు మిల్లీమీటర్లు), రెండున్నర అడుగుల లోతు కందకంలో వేశాం. కింద ఇసుక, పైన ఇసుక, దాని మీద ఇటుక వరస. పనివాళ్లు నవ్వారు, ఇంత మర్యాద కొత్త అల్లుడికి కూడా చెయ్యరని.

సైజు దగ్గర ఒక్క మాట. షాపతను 10 ఎంఎం చాలన్నాడు. ఫ్యాన్లకీ బల్బులకీ చాలు, నిజమే. మాకు గడ్డి కోసే మిషనుంది, రెండు హెచ్‌పీ, సింగిల్ ఫేజు. నడిచేటప్పుడు పది ఆంపియర్లు తీసుకుంటుంది. స్టార్టయ్యే క్షణంలో అంతకి అయిదింతలు. 10 ఎంఎం అల్యూమినియానికి నిరోధం కిలోమీటరుకి 3.08 ఓములు, 16 ఎంఎంకి 1.91. కరెంటు పోయి రావాలి కాబట్టి దూరం 480 మీటర్లుగా లెక్క. 10 ఎంఎంలో స్టార్టింగప్పుడు 74 వోల్టులు దారిలోనే పోతాయి, 16లో 46. సాయంత్రాలు మా ఇంట్లోకే 210 వోల్టులు వస్తాయి. అందులో 74 తీసేస్తే మిషను తిరగదు, మూలుగుతుంది. ఆ లెక్క వేసుకునే 16కి వెళ్లాను. నాలుగేళ్లు ఆ విషయం అందరికీ గొప్పగా చెప్పుకున్నాను కూడా.

ఆ నాలుగేళ్లూ నిజంగానే చావిడి కరెంటు సంగతే మర్చిపోయాం. గాలివానలు వచ్చాయి, పోయాయి. పందికొక్కులు కందకం పక్కనే కలుగులు పెట్టినా ఇనప తీగల తొడుగుని ఏమీ చెయ్యలేకపోయాయి. వేస్తే ఇదే వెయ్యండని ముగ్గురు నలుగురితో వేయించాను.

2022 వానాకాలంలో ఒక రోజు అమ్మ వచ్చి, "పెద్ద గేదె తొట్టి దగ్గరికి రానంటోందిరా" అంది. కుడితి పులిసిందేమో అనుకున్నాం. మార్చి పోశాం. ముట్టె నీళ్లకి తగిలించడం, గభాలున వెనక్కి లాక్కోవడం. బక్కెట్లో పెడితే మాత్రం గటగటా తాగేస్తోంది. రెండో రోజుకి పితికేటప్పుడు చేపడం మానేసింది. పూటకి ఏడు లీటర్లిచ్చేది నాలుగుకి పడింది. పశువుల డాక్టరొచ్చి నోరు చూశాడు, నాలుక చూశాడు, జ్వరం లేదన్నాడు. దిష్టి తగిలిందని అమ్మ ఎర్రనీళ్లు తిప్పింది. దిష్టి కూడా దిగలేదు.

మూడో రోజు పొద్దున అమ్మ ఉత్త కాళ్లతో, కడిగిన నేల మీద, ఇనప గుంజ పట్టుకుని లేవబోయి "చెయ్యి చిమచిమలాడిందిరా" అంది. నేను చెప్పులతోనే వెళ్లి పట్టుకున్నాను. ఏమీ లేదు. టెస్టర్ పెట్టాను, వెలగలేదు. అక్కడే మోసపోయాం. పదుల వోల్టులుంటే తప్ప ఆ బుల్లి బల్బు వెలగదు. బావమరిది మల్టీమీటరు తెచ్చి ఒక మొన గుంజకీ ఇంకో మొన తడి నేలకీ పెడితే 7 వోల్టులు. చెప్పులున్న మనిషికి తెలియదు. తడి నేల మీద నాలుగు కాళ్లూ ఆనించి, తడి ముట్టెని నీళ్లకి పెట్టే గేదెకి తెలుస్తుంది. తొట్టిలోకి వచ్చే జీఐ (ఇనప) పైపు ఆ గుంజలకే కట్టి ఉంది మరి.

చావిడి బోర్డులో మెయిన్ ఆపాం, 7 అలాగే ఉంది. ఇంటి దగ్గర ఆపాం, సున్నా. అంటే దొంగ మధ్యలో ఉన్నాడు. అప్పుడు గుర్తొచ్చింది. కొన్న రోజు షాపులో 240 మీటర్ల ముక్క లేదు. 150 ఒకటి, 90 ఒకటి ఇచ్చారు. కొత్త డ్రమ్ము వచ్చేసరికి వారం పడుతుందంటే ఆగలేకపోయాను. కూలీలు అప్పటికే కందకంలో ఉన్నారు. వైరింగు చేసినతను "ఏం కాదన్నా, టేపు గట్టిగా చుట్టా" అన్నాడు. సరేనన్నది నేనే.

అతుకు ఎక్కడుందో ఎవరికీ గుర్తు లేదు. వేప చెట్టుకి అవతలన్నాడు తమ్ముడు, ఇవతలన్నాను నేను. జేసీబీ పెడితే మంచి కేబుల్ కూడా తెగుతుందని కరెంటు ఆపి గడ్డపారలతో రెండు రోజులు తవ్వాం. దొరికింది, తమ్ముడే గెలిచాడు. టేపు ఉబ్బి వడియంలా ఊడొచ్చింది. లోపల అల్యూమినియం తెల్లటి పిండయింది. నల్లరేగడి వేసవిలో నెర్రెలిస్తుంది, వానకి ఉబ్బుతుంది. నాలుగేళ్లు ఆ సాగదీతకి అతుకు నోరు తెరిచింది. ఇనప తొడుగు చివరలు రెండూ బెత్తెడు దూరంలో ఉన్నాయి, వాటిని కలుపుతూ తీగ వెయ్యనే లేదు. ఫేజు కరెంటు తడిలోంచి చావిడి వైపు తొడుగులోకి పాకింది, అక్కణ్నుంచి గుంజలకి. అది దిగిపోవాల్సిన ఎర్త్ గుంత చావిడి కప్పు కింద, చుక్క వాన పడని చోట ఎండిపోయి ఉంది. ఎంసీబీ (కరెంటు మోతాదు మించితే పడిపోయే స్విచ్చు) పడిపోయేంత కరెంటు కాదు కాబట్టి అది కిక్కురుమనలేదు.

ఈసారి పట్నం నుంచి కేబుల్ జాయింట్లు చేసే మనిషిని పిలిపించాం. తీగల చివరల్ని కలిపి నొక్కి బిగించే గొట్టాలు (ఫెరూల్సు), తొడుగుకి తొడుగు కలిపే తీగ, పైన అచ్చు పెట్టి, గట్టిపడి నీళ్లు చొరనివ్వని రెజిన్ జిగురు పోత. నేల లాగినా తట్టుకునేలా రెండు వైపులా కాస్త కేబుల్ వదులుగా వంపు పెట్టాడు. మీద సరిహద్దు రాయి పాతాం. ఎర్త్ గుంత కడుగునీళ్లు పారే వైపుకి మార్చి, గుంజలూ పైపూ అన్నీ ఒకే తీగకి కలిపాం. ఇంటి దగ్గర 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టాం, కరెంటు కాస్త నేలలోకి కారినా సప్లై ఆపేసే స్విచ్చు. మొదటి రోజే అది ఉండుంటే, కేబుల్లోంచి కరెంటు కారడం మొదలైన పూటే పడిపోయేది. కేబుల్ ఖర్చు పక్కన దాని ఖరీదు ఏపాటిది?

గేదె మాత్రం మమ్మల్ని నమ్మడానికి ఇంకో పది రోజులు తీసుకుంది.

మూడేళ్లుగా అతుకు నిలబడింది. ఆర్‌సీసీబీ ముసురు రోజుల్లో రాత్రి రెండింటికి పడిపోతుంటుంది, టార్చి పట్టుకుని వెళ్లి చూస్తే ఏ బల్బు హోల్డర్లోనో పురుగు. తిట్టుకుంటాను, తీసెయ్యను. పందికొక్కులు ముట్టలేదన్నాను కదా, అది భూమిలో ఉన్నంత మేర. చావిడి గోడ దగ్గర తొడుగు వలిచిన జానెడు ముక్కని కొరికేశాయి, అక్కడ గ్లాండు (కేబుల్‌ని పెట్టెకి పట్టి ఉంచే బిరడా) బిగించి పెట్టెలోకి తీసుకోవాల్సి వచ్చింది. 16 ఎంఎం గొప్పల్లోనూ కొంత కోత ఉంది. పగలు మిషను ఒక్క ఊపులో లేస్తుంది. సాయంత్రం ఏడింటికి మాత్రం మూలిగి మూలిగి లేస్తుంది. అందుకే గడ్డి పొద్దున్నే కోసుకుంటున్నాం.

ఇదంతా నా నేలకీ, నా దూరానికీ చెప్పిన మాట. మీది ఎర్రనేల అయ్యి, అరవై మీటర్లలో చావిడుండి, రెండు బల్బులే అయితే ఇంత హడావుడి అక్కర్లేకపోవచ్చు. త్రీఫేజు సర్వీసున్నవాళ్ల లెక్క వేరు. నన్నడిగితే కేబుల్ మళ్లీ ఇదే వేస్తాను, సైజు మాత్రం 25. పాలు చల్లబరిచే ట్యాంకు పెడదామని తమ్ముడు గొడవ చేస్తున్నాడు, అది వస్తే ఈ తీగ చాలదు, కందకం మళ్లీ తవ్వాల్సిందే. ఈసారి 240 మీటర్లు ఒకే ముక్కగా వచ్చాకే కూలీలకి కబురు పెడతాను.