ఓపిక లేనివాళ్లకి బరంపురంలో ఒక కర్రీ పాయింట్

బడా బజార్ వైపు ఉన్న ఈ కర్రీ పాయింట్‌కి నాలుగు స్టార్లు ఇస్తున్నాను. రుచికి మూడే, నాలుగోది ఎందుకో చెప్తాను.

నాకు లూపస్ ఉంది, అంటే ఒంట్లో రోగాలతో పోరాడాల్సిన శక్తి మన ఒంటి మీదే తిరగబడే జబ్బు. చూడ్డానికి బానే ఉంటాను కాబట్టి "ఇద్దరికి వంట, అది కూడా బయట కొనాలా" అనేవాళ్లు ఎక్కువ. అమెరికాలో ఇదే జబ్బున్న క్రిస్టీన్ మిసరాండినో 2003లో దీనికో లెక్క రాసింది. ఒక్కో చెంచా అంటే కాస్త ఓపిక అనుకోమని స్నేహితురాలి చేతిలో 12 చెంచాలు పెట్టి, లేచి తయారవడం దగ్గర్నుంచి రోజులో చేసే ప్రతి పనికీ ఒక్కోటి లాగేసుకుంటూ పోతే రాత్రి భోజనం వేళకి ఒకటే మిగిలింది, దాంతో వండుకుంటే ఇక గిన్నెలు తోమే ఓపిక ఉండదు. నా సాయంత్రాలు అచ్చం ఇంతే.

మా అత్తగారికి చెంచాలు ఎక్కలేదు, ఇన్వర్టర్ అంటే ఎక్కింది. కరెంటు పోతే ఫ్యాను, రెండు లైట్లు వేసుకోవచ్చు, మిక్సీ పెట్టామా మొత్తం ఆగిపోతుంది. కాకపోతే ఆవిడ "పడుకుని లేస్తే చార్జ్ అయిపోతావుగా" అంటారు, అదే చిక్కు. ఈ నీరసం రాత్రంతా నిద్రపోయినా పొద్దున్న అలాగే ఉండొచ్చు.

సరే, కూరలు. దాల్మా (కూరగాయలు వేసి వండే ఒడియా పప్పు) బావుంటుంది, ఆవ పెట్టిన కంద బచ్చలి ఇంకా బావుంటుంది, గుత్తి వంకాయ మాత్రం నూనెలో ఈత కొడుతుంది. అన్నిట్లో ఉప్పు ఎక్కువ. నేను స్టెరాయిడ్ మాత్రల మీద ఉన్నాను, డాక్టరు ఉప్పు తగ్గించమన్నారు. అడిగితే కొట్టు అక్క "ఉప్పు వెయ్యకముందే నీకో గిన్నె తీసి ఉంచుతానమ్మా" అంది. ముద్దపప్పుకి ఉంచుతోంది, కూరలకి కుదరట్లేదట.

నాలుగో స్టారు ఆ అక్కకి. ఫోన్ చేస్తే పొట్లాలు కట్టి పక్కన పెడుతుంది, నీడలో ఒక కుర్చీ వేసింది, మెట్లు లేవు, నీకేం జబ్బని ఇంతవరకూ అడగలేదు. లూపస్ ఉన్నవాళ్లకి ఎండ తగిలితే దద్దుర్లే కాదు, జబ్బే తిరగబెట్టొచ్చు, అందుకే పొద్దు వాలాక కూడా కొట్టు తెరిచి ఉండడం నాకు పెద్ద విషయం. నాలాంటి వాళ్లింట్లో ఎవరైనా ఉంటే ఇలాంటి కొట్టొకటి వెతికిపెట్టండి, పళ్లు పట్టుకెళ్లడం కన్నా పనికొస్తుంది.

ఆదివారం సాయంత్రం తియ్యరు. ముద్దపప్పు తొందరగా అయిపోతుంది, మధ్యాహ్నమే ఫోన్ చేసి చెప్పండి. అప్పడాలు అక్కడ కొనకండి, మెత్తబడి ఉంటాయి, బరంపురంలో ఉండి అలాంటి అప్పడాలు తినాల్సిన ఖర్మ ఏముంది.