చెన్నైలో మరణ ధ్రువీకరణ పత్రం: పోర్టల్ మేలా, జోనల్ కార్యాలయం మేలా, పాత పత్రికలు మేలా?

చెన్నైలో కన్నుమూసిన పెద్దల పేరిట నెల్లూరులోనో చిత్తూరులోనో పొలమో ఇల్లో మిగిలి ఉన్న తెలుగు కుటుంబాలు మరణ ధ్రువీకరణ పత్రం కోసం తరచు సొంత ఊరి పంచాయతీ కార్యాలయానికే ముందు వెళ్తుంటాయి. ఆస్తి అక్కడ ఉన్నది, కొన్నిసార్లు దహన సంస్కారాలు కూడా అక్కడే జరిగాయి కనుక పత్రమూ అక్కడే దొరుకుతుందనుకోవడం సహజమే. అయితే 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం ప్రకారం మరణం ఏ ప్రాంతంలో సంభవించిందో ఆ ప్రాంతపు రిజిస్ట్రారే దాన్ని నమోదు చేయాలి. స్వగ్రామం ఏది, ఓటు ఎక్కడ, అంత్యక్రియలు ఎక్కడ అన్నవి ఈ విషయంలో లెక్కకు రావు.

చెన్నై అని మనం నోటితో అనే ఊరు కూడా కార్యాలయాల లెక్కలో ఒక్కటి కాదు. క్రోంపేటలోని ఆసుపత్రిలో ఈ మధ్య పోయినవారి నమోదు తాంబరం కార్పొరేషన్‌లో ఉంటుంది, ఆవడిలో పోయినవారిది ఆవడి కార్పొరేషన్‌లో ఉంటుంది. అంబత్తూరు, ఆలందూరు, తిరువొత్తియూరు 2011 దాకా వేరే పురపాలక సంఘాలు. ఆ ఏడాదే అవి చెన్నై కార్పొరేషన్‌లో కలిశాయి కనుక అంతకుముందు అక్కడ జరిగిన మరణాల గురించి ఆయా జోన్లలో అడగాలి గాని కార్పొరేషన్ ప్రధాన కార్యాలయమైన రిప్పన్ బిల్డింగ్‌లో అడిగి లాభం తక్కువ. ఈ సంగతి తేల్చుకున్న తరువాతే కింది మూడు దారులలో ఏది మేలో ఆలోచించడం ఉపయోగం.

ఇటీవలి మరణమైతే పోర్టలే మేలు. గ్రేటర్ చెన్నై కార్పొరేషన్ వెబ్‌సైటు నుంచి పత్రాన్ని రుసుము లేకుండా డౌన్‌లోడ్ చేసుకోవచ్చు, ఎన్ని ప్రతులు కావాలంటే అన్ని తీసుకోవచ్చు. బ్యాంకు, బీమా, పింఛను, గ్యాస్ కనెక్షన్ అంటూ ప్రతిచోటా ఒక ప్రతి అడిగే రోజుల్లో ఇది చిన్న సౌకర్యం కాదు. 2023 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన సవరణ ఎలక్ట్రానిక్ పత్రాన్ని చట్టంలోనే పేర్కొన్నందున, కంప్యూటర్ నుంచి తీసిన కాగితం పనికిరాదని ఏ కౌంటరు దగ్గరైనా అంటే ఆ మాటను ఒప్పుకోవలసిన పని లేదు. ఆసుపత్రిలో మరణం సంభవిస్తే రిజిస్ట్రారుకు తెలియజేయవలసిన బాధ్యత ఆసుపత్రిదే. ఇంట్లో సంభవిస్తే అది ఇంటి పెద్దది, గడువు 21 రోజులు.

పోర్టల్ దారిలో ఇబ్బంది అంతా పేర్ల దగ్గర వస్తుంది, అది మన తెలుగువారికి మరీ ఎక్కువ. మనం పేరుకు ముందు ఇంటిపేరు పెట్టుకుంటాం, తమిళనాట తండ్రి పేరులోని మొదటి అక్షరం పెట్టుకుంటారు. ఆసుపత్రిలో వివరాలు రాసుకునే ఉద్యోగి తన అలవాటు ప్రకారం తండ్రి పేరు అడిగి, దాని పొడి అక్షరాన్ని చేర్చి, ఇంటిపేరును వదిలేస్తే, ఆంధ్రలోని పట్టాదారు పాసుపుస్తకంలో ఉన్న మనిషీ, చెన్నై పత్రంలో ఉన్న మనిషీ కాగితం మీద ఇద్దరవుతారు. పత్రం తమిళం, ఇంగ్లీషు రెండింటిలోనూ ఉంటుంది. తమిళ లిపిలో క, ఖ, గ, ఘలకు ఒకే అక్షరం, ప, ఫ, బ, భలకు ఒకే అక్షరం కాబట్టి భాస్కరరావు గారి పేరు తమిళం మీదుగా ఇంగ్లీషులోకి వెళ్ళేసరికి మొదటి అక్షరం పక్కన ఉండవలసిన హెచ్ రాలిపోవచ్చు. సీత, లలిత వంటి పేర్లలో దీనికి ఎదురు జరుగుతుంది: మనవాళ్ళు చాలామంది టి ఒక్కటే వేసేచోట తమిళనాట టి పక్కన హెచ్ కూడా వేస్తారు. అందుచేత పోర్టల్‌లో దొరకలేదనగానే నమోదే కాలేదని నిర్ణయించుకోకుండా, పేరును వాళ్ళు రాసే తీరులో మార్చి మార్చి వెతకాలి. ఆసుపత్రి ఇచ్చే చీటీ మీద నమోదు సంఖ్య ఉంటే ఈ తంటా చాలావరకు తప్పుతుంది. దుఃఖంలో ఉన్న ఇంటివారిని స్పెల్లింగ్ చూసుకోమనడం కటువుగానే ఉంటుంది గాని, ఆసుపత్రి నింపే ఫారాన్ని బంధువుల్లో ఎవరో ఒకరు ఆధార్ కార్డు పక్కన పెట్టుకొని చదివితే తరువాత ఎన్నో తిరుగుళ్ళు తప్పుతాయి.

పాత మరణమైనా, పేరులో తప్పున్నా జోనల్ కార్యాలయంలోని జనన మరణ విభాగమే మేలు. చట్టంలోని 17వ సెక్షన్ ప్రకారం ఎవరైనా రుసుము కట్టి రిజిస్టరులో ఒక నమోదును వెతికించుకోవచ్చు, దాని ధ్రువపత్రం పొందవచ్చు. వారసులే అడగాలన్న నియమం ఆ సెక్షన్‌లో లేదు. అయితే మరణ కారణాన్ని మాత్రం ఆ పత్రంలో వెల్లడించరు. బీమా సంస్థ కారణం అడిగితే వైద్యుడు ఇచ్చిన ధ్రువీకరణను వేరుగా చూపించాలి. వెతికించే సంవత్సరాలు పెరిగే కొద్దీ రుసుమూ పెరుగుతుంది, గుమాస్తా ఓపికా తరుగుతుంది కనుక "ఎనభైలలో ఎప్పుడో" అని కాకుండా ఫలానా నెల అని చెప్పగలిగితేనే పని జరుగుతుంది. తప్పుల దిద్దుబాటు 15వ సెక్షన్ కింద జరుగుతుంది: పాత రాతను కొట్టివేయకుండా మార్జిన్‌లో సవరణ రాస్తారు, ముఖ్యమైన వివరం తప్పయితే విషయం తెలిసిన ఇద్దరు నమ్మదగిన వ్యక్తుల వాంగ్మూలం అడుగుతారు. పెరంబూరులోనో కొరుక్కుపేటలోనో తరతరాలుగా ఉంటూ తమిళం ధారాళంగా మాట్లాడే తెలుగువారిలో కూడా తమిళం చదవలేనివారు ఉంటారు. అటువంటివారు చదవగల మనవడినో మనవరాలినో వెంట తీసుకువెళ్ళడం మంచిది గాని గేటు దగ్గర నిలబడే బ్రోకరును నమ్ముకోవలసిన అవసరం లేదు.

రిజిస్టరులో నమోదు లేదని తేలితే, లేదనే మాటనే లిఖితపూర్వకంగా తీసుకోవాలి. ఆ పత్రానికి ఫారం 10 అని పేరు. చాలామంది నోటిమాటతో వెనక్కి వచ్చేస్తారు, తరువాతి కార్యాలయం అదే కాగితం అడిగినప్పుడు మళ్ళీ మొదటికి పోతారు.

ఇక పత్రికల సంగతి. సంతాప ప్రకటన ఎంత పెద్దదైనా, ఏ పత్రికలో వచ్చినా, అది మరణ ధ్రువీకరణ పత్రానికి బదులు కాదు. బ్యాంకుగాని, తమిళనాడులో వారసుల ధ్రువపత్రం ఇచ్చే తహసీల్దారుగాని దాన్ని ఆ స్థానంలో తీసుకోరు. దాని ప్రయోజనం వేరు. తేదీ తెలియని కుటుంబానికి అది తేదీని ఇస్తుంది, పైగా కొడుకులు, కోడళ్ళు, అల్లుళ్ళ పేర్లు వరసగా చెబుతుంది. ఎగ్మూరులో 1896 నుంచి ఉన్న కన్నెమరా గ్రంథాలయానికి దేశంలో అచ్చయ్యే పుస్తకాలతో పాటు పత్రికలు కూడా పంపాలన్న చట్టం ఉంది కాబట్టి పాత సంచికల కోసం ముందు అక్కడికే వెళ్ళాలి. మద్రాసు తెలుగువారి విషయంలో హిందూతో పాటు, 1914 నుంచి మద్రాసులో వెలువడిన ఆంధ్రపత్రికనూ, 1938లో అక్కడే పుట్టిన ఆంధ్రప్రభనూ చూడాలి. కానీ దినపత్రికలకు పేర్ల సూచిక ఉండదు. నెల తెలియకుండా కట్టల ముందు కూర్చుంటే రోజులు గడిచిపోతాయి. వర్ధంతి ప్రకటన ఎక్కడైనా ఇంట్లో కత్తిరించి దాచి ఉంటే అందులోని "పదో వర్ధంతి" అన్న ఒక్క మాటతో సంవత్సరం తేలిపోతుంది.

ఇంతకంటె మంచి ఆధారం చాలా తెలుగు ఇళ్ళలో ఉంది, దాన్ని ఎవరూ ఆధారమనుకోరు. ఇంగ్లీషు తేదీ మరిచిపోయినవారు కూడా ఆబ్దికం పెట్టే తిథిని మరువరు. సంవత్సరం పేరు, మాసం, పక్షం, తిథి తెలిస్తే ఆ ఏటి పంచాంగంలో ఇంగ్లీషు తేదీ దొరుకుతుంది. అయితే కొన్ని జాగ్రత్తలున్నాయి. ప్లవ నామ సంవత్సరం 1961-62 అయినా కావచ్చు, 2021-22 అయినా కావచ్చు. మన సంవత్సరం ఉగాదికి మారితే తమిళుల సంవత్సరం ఏప్రిల్ నడుమ మారుతుంది, అందువల్ల ఆ మధ్య రోజుల్లో పోయినవారి సంవత్సరాన్ని తమిళ పురోహితుడు ఒక పేరుతోనూ, మన పురోహితుడు మరో పేరుతోనూ చెబుతారు. అర్ధరాత్రి దాటాక పోయినవారిని ఇంట్లో ముందురోజు లెక్కలోనే చెప్పుకుంటారు గాని ఆసుపత్రి మరుసటి తేదీ వేస్తుంది. రిజిస్టరులో రెండు తేదీలూ వెతకమనాలి.

నా అంచనాలో పత్రికల దారి ఎప్పుడూ మొదటిది కాదు. తేదీ తెలిసిన ఇటీవలి మరణానికి పోర్టల్, తేదీ తెలిసిన పాత మరణానికి జోనల్ కార్యాలయం, తేదీ తెలియనప్పుడు ముందు తిథి, ఆ తరువాతే కన్నెమరా. పత్రికల విలువ పెరిగేది నమోదే జరగలేదని తేలినప్పుడు. మరణం జరిగి ఏడాది దాటితే జిల్లా మేజిస్ట్రేటు లేదా సబ్ డివిజనల్ మేజిస్ట్రేటు, లేదా జిల్లా మేజిస్ట్రేటు అధికారమిచ్చిన ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు విచారించి ఉత్తరువు ఇస్తేనే రిజిస్ట్రారు నమోదు చేస్తాడు. 2023 సవరణకు ముందు ఈ అధికారం మొదటి తరగతి మేజిస్ట్రేటుకు ఉండేది. ఆ విచారణకు ఫారం 10తో పాటు శ్మశానం రసీదు, ఆసుపత్రి కాగితాలు, పత్రికలోని ప్రకటన నకలు, దాని పేజీ మీద పత్రిక పేరూ తేదీ కనిపించేలా తీసి జతపరచాలి.