ఏడో నెలలో పుట్టింటికి: విమానమా, రైలా?

కాన్పుకు అమ్మాయిని ఏడో నెలలో తీసుకెళ్లాలా, తొమ్మిదో నెలలోనా అన్నది మా ఇళ్లలో పాత చర్చే. ఎనిమిదో నెలలో అయితే గడప దాటనివ్వరు. ఎందులో వెళ్లాలన్న సంగతి టికెట్లు తీసే రోజున గానీ ఎవరికీ గుర్తురాదు. నన్నడిగితే ఆ రెండూ కలిపి తేల్చుకోవాల్సినవి. నెలను బట్టే బండి.

మాది శ్రీకాకుళం, ఉండేది హైదరాబాద్. మొదటి కాన్పుకు రైల్లో వెళ్లాను, రెండోదానికి విమానంలో. రెండుసార్లూ ఏడో నెలే.

రైల్లో సుఖం ఏమిటంటే, సికింద్రాబాద్‌లో సాయంత్రం ఎక్కితే తెల్లారి శ్రీకాకుళం రోడ్‌లో, అంటే ఆమదాలవలసలో దిగొచ్చు. మధ్యలో ఎక్కడా మారక్కర్లేదు. నడుం వాల్చొచ్చు, ఎడమ వైపు తిరిగి పడుకోవచ్చు. గర్భిణులకు, వయసు పైబడినవాళ్లకు, 45 ఏళ్లు దాటిన ఆడవాళ్లకు కలిపి లోయర్ బెర్త్ కోటా ఉంది. స్లీపర్ కోచ్‌లో ఆరేడు, థర్డ్ ఏసీలో నాలుగైదు బెర్తులు. డాక్టర్ సర్టిఫికెట్ పట్టుకుని రిజర్వేషన్ కౌంటర్‌కి వెళ్లి అడగాలి.

రైలుతో నా పేచీ అంతా బాత్రూం దగ్గరే. ఏడో నెలలో రాత్రికి నాలుగైదుసార్లు లేవక తప్పదు. ఊగే బండి, తడి నేల, ముందుకొచ్చిన పొట్ట. అమ్మ ప్రతిసారీ లేచి, నా వెనకాలే వచ్చి తలుపు దగ్గర నిలబడింది. తెల్లారేసరికి నాకంటే ఆవిడే ఎక్కువ అలిసిపోయింది. జారని చెప్పులు వేసుకోండి. నీళ్లు తాగడం మానేసి బాత్రూం తప్పించుకుందామని మాత్రం చూడకండి, మూత్రంలో ఇన్ఫెక్షన్ వస్తే అది ఇంకో బాధ.

వందే భారత్ విశాఖకు ఎనిమిదిన్నర గంటల్లో చేరుస్తుంది, బాత్రూమూ నయం. కానీ అన్నీ కుర్చీలే. అంతసేపు కూర్చుంటే కాళ్లు దిమ్మెక్కుతాయి, గంటకోసారి లేచి అటూ ఇటూ నడవాలి.

ఇక విమానం. శంషాబాద్ నుంచి విశాఖకు గంటంపావు అని అందరూ ఊరిస్తారు. ఇంటి నుంచి ఎయిర్‌పోర్ట్‌కి గంటన్నర, అక్కడ రెండు గంటలు ముందు, దిగాక సామాను కోసం అరగంట, విశాఖ నుంచి శ్రీకాకుళానికి కారులో మరో రెండున్నర గంటలు కలపండి. దాదాపు ఎనిమిది గంటలు! అయినా రాత్రి నిద్ర ఇంట్లోనే, పగలు బయల్దేరితే చీకటి పడేలోపు అమ్మ వంట. ఆ లెక్కన నాకు విమానమే నచ్చింది.

గాల్లో బిడ్డకు ఊపిరాడదేమోనని మా అత్తయ్యకు ఒకటే టెన్షన్. క్యాబిన్‌లో గాలి ఆరు నుంచి ఎనిమిది వేల అడుగుల కొండ మీద ఉన్నంత పలచగా ఉంటుంది. ఇబ్బందులేవీ లేని గర్భిణికి, బిడ్డకు అది సరిపోతుంది. రక్తహీనత బాగా ఎక్కువున్నవాళ్ల సంగతి వేరు, డాక్టర్ని అడగందే టికెట్ తీయకూడదు. సెక్యూరిటీ దగ్గర దాటే మెటల్ డిటెక్టర్‌తో బిడ్డకు ఏమీ కాదు.

వీల్‌చైర్ ముందే అడిగి పెట్టుకోండి, మొహమాటం వద్దు. ఎయిర్‌పోర్ట్ లోంచి నేరుగా విమానంలోకి నడిచి వెళ్లే ఏరోబ్రిడ్జి లేకపోతే బస్సెక్కాలి, ఆ పైన మెట్లు. నడవా పక్క సీటు తీసుకుంటే లేవడం తేలిక. బెల్టు పొట్ట మీదుగా కాదు, పొట్ట కిందుగా, తొడల పైన పడాలి. పైకి వెళ్లేకొద్దీ కడుపులో గ్యాస్ ఉబ్బుతుంది కాబట్టి బయల్దేరే ముందు సోడా, శనగలు వద్దు. నాలుగు గంటలు దాటే ప్రయాణమైతే కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం పెరుగుతుంది. అమెరికా నుంచి వచ్చే అమ్మాయిలు బిగుతు మేజోళ్ల గురించి డాక్టర్ని అడగాలి, మధ్యమధ్య లేచి నడవాలి.

కారు గురించి పెద్దగా చెప్పేదేం లేదు. కావాల్సిన చోట ఆపుకోవచ్చు, అంతవరకే. ఏడు వందల కిలోమీటర్లు, లెక్కలేనన్ని స్పీడ్ బ్రేకర్లు.

అసలు తిరకాసు నెలల లెక్కలో ఉంది. మనం నెలల్లో చెబుతాం, ఎయిర్‌లైన్స్ వారాల్లో అడుగుతాయి. ఏడో నెల పడేసరికి సుమారు 26 వారాలు, అప్పటికి దారి సుళువు. 32 వారాలు దాటితే చాలా ఎయిర్‌లైన్స్ ఫిట్ టు ఫ్లై సర్టిఫికెట్, అంటే విమానంలో వెళ్లొచ్చని డాక్టర్ రాసిచ్చే కాగితం, అడుగుతాయి, అదీ ప్రయాణానికి కొద్ది రోజుల ముందు రాసిందై ఉండాలి. తొమ్మిదో నెల పడేసరికి సుమారు 35 వారాలు. 36 దాటితే సాధారణంగా ఎక్కనివ్వరు. కవలలైతే గడువు ఇంకా ముందే అయిపోతుంది. ముహూర్తం చూసి తొమ్మిదో నెలలో టికెట్ తీసినవాళ్లకు మిగిలేది వారం రోజులే! టికెట్ తీసేముందు ఆ ఎయిర్‌లైన్ నిబంధన చదువుకోండి.

మాయ కిందికి ఉండి రక్తం కనిపించినా, బీపీ ఎక్కువున్నా, నెలలు నిండకుండా నొప్పులొచ్చే సూచన ఉన్నా రైలూ వద్దు, విమానమూ వద్దు. తొమ్మిదో నెల దాకా ఆగిపోయినవాళ్లకూ నేను చెప్పేది అదే. అమ్మనే హైదరాబాద్ రమ్మనండి. ఆవిడకు లోయర్ బెర్త్ కోటా ఎలాగూ ఉంది.