కారో-కాన్ వీడియో కోర్సు: నాలుగో ఎత్తు దాకా బాగానే ఉంది

చదరంగంలో నల్లపావులతో సిసిలియన్ అనే ఓపెనింగ్ (ఆట మొదలుపెట్టే పద్ధతి) ఆడి ఏళ్ల తరబడి తన్నులు తిన్నాక, కారో-కాన్ అనే మరో ఓపెనింగ్ నేర్పే ఈ కోర్సు కొన్నాను. రెండు నెలలు రోజూ కూర్చున్నాను. ఐదుకి మూడు స్టార్లు.

ఆ పోయిన రెండు స్టార్లూ ఒక్క గేమ్‌లో పోయాయి. టోర్నమెంట్ మూడో రౌండు, ఎదురుగా పన్నెండేళ్ల పిల్లాడు. ఎత్తుల్ని గళ్ల పేర్లతో చెప్తా, ముందు వాడిది, తర్వాత నాది: ఈ4 సీ6, డీ4 డీ5, ఈ5, నా బిషప్ ఎఫ్5కి. గడియారంలో నిమిషం కూడా కరగలేదు. వాడు హెచ్4 తోశాడు. ఏదో తోచక తోశాడులే అనుకున్నా. కోర్సులో ఎత్తులు పదేపదే అడిగే డ్రిల్‌లో నొక్కీ నొక్కీ చేతికి అలవాటైపోయిన ఈ6 ఆడేశాను. వెంటనే జీ4! బిషప్ జీ6కి వెళ్తే హెచ్5 తరుముతుంది. ఈ4కి వెళ్లి మూలనున్న ఏనుగు మీద కన్నేద్దామంటే ఎఫ్3. వెనక్కి వద్దామంటే అడ్డం నా ఈ6 బంటే. వాడు లేచి నీళ్లు తాగడానికి వెళ్లాడు. నేను ఇరవై నిమిషాలు బోర్డు చూస్తూ కూర్చున్నాను.

తర్వాత కోర్సు తిరగేశాను. హెచ్4 అసలు లేదనను. అడ్వాన్స్ వేరియేషన్ (తెల్లవాళ్లు బంటును ఇలా ఈ5కి తోసే పద్ధతి) అధ్యాయం చివర్లో రెండు నిమిషాలు ఉంది, ‘అరుదైన ఎత్తు’ అని. 1961 ప్రపంచ చాంపియన్‌షిప్ మ్యాచ్‌లో బొత్విన్నిక్ మీద తాల్ వేసిన ఎత్తు అరుదేంటండీ! జీ4 వస్తోంది, ముందు హెచ్5తోనో హెచ్6తోనో బిషప్ సంగతి చూసుకో, ఈ6 తర్వాత అని ఒక్క ముక్క చెప్తే సరిపోయేది. డ్రిల్‌లో ఈ లైన్ ఒక్కసారీ అడగదు. ఈమెయిల్ పెడితే ‘వచ్చే అప్‌డేట్‌లో చూస్తాం’ అన్నారు.

ఎక్స్ఛేంజ్ వేరియేషన్ (డీ5లో బంట్లు మార్చుకునే పద్ధతి) అధ్యాయానికి మాత్రం పెట్టిన డబ్బు దండగ కాదు. సగం తెరుచుకున్న (మన బంటు లేని) సీ ఫైల్‌లో, అంటే నిలువు వరుసలో, ఏనుగు పెట్టి, బీ బంటును బీ5, బీ4 అని నడిపితే తెల్లవాళ్ల సీ3 బంటు ఎలా సడలిపోతుందో కోర్సు చెప్పేవాడు ఓపిగ్గా చూపించాడు. బట్టీ కొట్టించలేదు, అర్థమయ్యేలా చెప్పాడు. అదే టోర్నమెంట్ ఐదో రౌండు ఆ ప్లాన్‌తోనే గెలిచాను.

కొనేవాళ్లు డ్రిల్ ఆఖర్న పెట్టుకోండి. నేనైతే ‘హెచ్4కి హెచ్5’ అని చీటీ రాసి ల్యాప్‌టాప్ మూతకి అంటించుకున్నా. మొన్న ఒకాయన ఆడనే ఆడాడు. డ్రా అయింది.