చక్రాల పెట్టా, బ్యాక్‌ప్యాకా, చేతిసంచా? కోనసీమ తిరగడానికి ఏది మేలు?

మొన్న జూలైలో ముగ్గురం కలిసి నాలుగు రోజులు తిరిగొచ్చాం. రాజమండ్రిలో రైలు దిగి రావులపాలెం, అమలాపురం, రాజోలు చూసుకుంటూ సఖినేటిపల్లి రేవుకెళ్లి, పంటు అనే పెద్ద పడవ మీద గోదారి పాయ వశిష్ఠ దాటి నరసాపురంలో మళ్లీ రైలెక్కడం, ఇదీ ప్లాను. సామాను మాత్రం ఎవరిది వాళ్లదే. మా బావది చక్రాల ట్రాలీ, నాది 35 లీటర్ల బ్యాక్‌ప్యాక్, మా బాబాయిది పెళ్లికైనా చావుకైనా పట్టుకెళ్లే పాత జిప్పు సంచి.

ముందు ట్రాలీ సంగతి. స్టేషన్ నుంచి హోటల్‌కి, హోటల్ నుంచి స్టేషన్‌కి అయితే దానికి వంక పెట్టను. ఇబ్బందల్లా ఎక్కడంటే, రైల్లో స్లీపర్‌కి 40 కిలోల దాకా ఉచితం కదా, పెట్టె కూడా పెద్దదే కదా అని నింపేస్తాం. బావ మూడు జీన్స్, రెండు జతల బూట్లు, పెద్ద టర్కీ తువ్వాలు పెట్టుకొచ్చాడు. రావులపాలెంలో బస్సు మారేసరికే మొహం మాడ్చాడు. ఇక రేవులో వాన పడి ఉంది, పంటు దగ్గరికి దిగే ఏటవాలంతా ఒండ్రు. నాలుగడుగులు లాగేసరికి చక్రాల్లో మట్టి బిగిసిపోయి అవి తిరగడం మానేశాయి. "ఏవండీ, అది దొర్లదండి, నెత్తికెత్తుకోండి" అన్నాడు పంటు కుర్రాడు. ఎత్తుకున్నాడు పాపం.

బ్యాక్‌ప్యాక్‌కి ఆ గొడవ లేదు. రెండు చేతులూ ఖాళీ, నడుము బెల్టు బిగిస్తే బరువు భుజాల మీద నుంచి నడుము మీదికి దిగుతుంది, బరువైనవి వీపుకి దగ్గరగా సర్దుకుంటే వెనక్కి లాగదు. బయల్దేరే ముందు మా వీధి కిరాణా కొట్టు కాటా మీద పెడితే సరిగ్గా 7 కిలోలు, విమానంలో చేతిసామానుగా వదిలే బరువు. అయితే కిక్కిరిసిన పల్లెవెలుగు బస్సులో వెనక్కి తిరిగినప్పుడల్లా ఎవరికో ఒకరికి తగులుతుంది, తిట్లు తినకుండా ఉండాలంటే ముందే దింపి కాళ్ల దగ్గర పెట్టుకోవాలి. ఇంకోటి, పైన తొడిగే రెయిన్ కవర్‌ని నమ్ముకోకండి, అది వీపు వైపు కప్పదు, నీళ్లు అక్కణ్ణించే దిగుతాయి. నేను ఎరువుల బస్తా లోపలి పాలిథిన్ కవరు కడిగి, ఆరబెట్టి సంచి లోపల వేశాను. దమ్మిడీ ఖర్చు లేదు, చుక్క నీరు దిగలేదు.

ఇంత చెప్పి కూడా, సామాను ఎంచుకోవడంలో బాబాయి ముందు నేను దిగదుడుపే. రెండు చొక్కాలు, ఒక లుంగీ, పల్చటి తువ్వాలు, మాత్రల డబ్బా, అంతే. రాత్రి ఉతికితే పొద్దున్నకి తువ్వాలు ఆరిపోయేది. బావ టర్కీ తువ్వాలు మాత్రం ఆ ఉక్కలో రెండో రోజుకే ముక్కిపోయిన వాసన. లుంగీ అయితే కప్పుకోడానికి దుప్పటి, రేవులో స్నానం చేశాక బట్టలు మార్చుకోడానికి చాటు, తల కింద దిండు.

కానీ అదే సంచిలో ఇత్తడి మరచెంబు! నీళ్లతో కలిపి కిలోన్నర ఉంటుంది. చొక్కా మూడోది వద్దన్న మనిషి దీన్నెందుకు మోస్తున్నాడా అని అడిగేశాను.

1986 ఆగస్టు వరదలో నాన్నమ్మ ఏటిగట్టెక్కినప్పుడు చేతిలో ఉన్నది అదేనట. ధవళేశ్వరం దగ్గర 17.75 అడుగులకి మూడో ప్రమాద హెచ్చరిక ఇస్తారు, ఆ ఏడు గోదారి దాన్నెప్పుడో దాటేసింది. ఇత్తడి బిందెలన్నీ తాడుకి గుచ్చి దూలానికి కట్టేసి, పట్టుచీరల పెట్టె అటకెక్కించి, దస్తావేజులూ అగ్గిపెట్టే ప్లాస్టిక్ కవర్లో చుట్టి బొడ్లో దోపుకుని, తాగే నీళ్లు మరచెంబులో పోసుకుని ఇల్లు దాటిందట. "చీరలు తెచ్చుకోలేదేంటే అని గట్టు మీద ఎవరో అడిగితే, చీర తాగుతామా అంది మా అమ్మ" అని బాబాయి మూత తిప్పి నీళ్లు తాగాడు. నా చేతిలో ప్లాస్టిక్ సీసా ఉంది. అది అంతకంటే తేలికే, కానీ ఆ మాట అక్కడ అనబుద్ధి కాలేదు.

కాబట్టి నన్నడిగితే, బస్సులూ పంటులూ మారుతూ తిరిగేవాళ్లకి బ్యాక్‌ప్యాకే మేలు, లోపల సర్దేది మాత్రం బాబాయి లెక్కన. రెండు రోజులకైతే చేతిసంచి చాలు, అంతకు మించితే ఒక భుజం లాగేస్తుంది. ఏదైనా మూడోవంతు ఖాళీ ఉంచండి, ఎందుకంటే ఈ ఊళ్లల్లో ఎవరింటికెళ్లినా వట్టి చేతులతో పంపరు. ఆత్రేయపురం పూతరేకుల పెట్టె బరువుండదు గానీ నలిగితే పొడే, చేతిసంచిలో పట్టక అది నా సంచిలో అన్నిటికంటే పైకెక్కింది.

రాజోలులో పిన్ని ఇచ్చిన పన్నెండు కొబ్బరికాయలూ, ఆవకాయ జాడీ ఎక్కడ పెట్టాలో తెలియక ముగ్గురం మొహాలు చూసుకుంటే, ఆఖరికి బావ బట్టలన్నీ బయటికి తీసి ట్రాలీలోనే సర్దాం. నరసాపురంలో రైలు కదిలాక చూస్తే, అప్పటికీ ఆరని జీన్స్‌ని కిటికీ ఊచలకి కట్టి ఆరేసుకుంటున్నాడు.