వలస ఓడల కింది డెక్ చూడాలంటే: న్యూరాస్, బ్రిస్టల్, పోర్ట్ లూయిస్

19వ శతాబ్దపు వలస ఓడల పేరుతో నడిచే ప్రదర్శనల్లో చాలావరకు తెరచాపలు, చుక్కాని, కెప్టెన్ గది చూపించి పంపేస్తారు. జనం బతికింది కింది డెక్‌లో, అంటే ఓడ కింది అంతస్తులో. పడక ఎంత, గాలి ఎటునుంచి, మనిషికి నీళ్లెన్ని, మరుగుదొడ్డి ఎక్కడ? ఈ నాలుగూ తెలిస్తే టికెట్ డబ్బు గిట్టినట్టే. అలా బేరీజు వేస్తే మూడు చోట్లు పనికొస్తాయి, ఒక్కోటి ఒక్కో కారణానికి.

ఐర్లండ్‌లో వెక్స్‌ఫర్డ్ కౌంటీ న్యూరాస్ రేవులో ఉన్న డన్‌బ్రోడీ అసలు ఓడ కాదు, నకలు. అసలుది 1845లో కెనడాలోని క్యూబెక్‌లో కట్టిన సరుకు ఓడ. అటునుంచి కలప తెచ్చేది, ఇటునుంచి ఖాళీగా పోవడమెందుకని మనుషుల్ని ఎక్కించుకునేది. కింద ఉన్నవన్నీ నునుపు కూడా చెయ్యని పలకల పడకలే ఎందుకో దీన్నిబట్టి తెలుస్తుంది. అవతలి రేవు చేరాక వాటిని పీకేసి కలప నింపాలి మరి.

1842 నాటి బ్రిటిష్ చట్టం పెద్దవాళ్లకు ఇమ్మన్న పడక ఆరడుగుల పొడవు, 18 అంగుళాల వెడల్పు. అంటే ఒక మూర. లోపలికి దిగాక పడక అంచున చెయ్యి ఆనించి కొలిచి చూడండి, గైడ్ మాటలకంటే అది నయం. పక్కవాళ్లకీ మనకీ మధ్య అడ్డపలక ఉండదు. ఒకే పడక మీద కుటుంబమంతా సర్దుకోవాలి, ఒంటరిగా వచ్చినవాళ్లయితే ముక్కూమొహం తెలియనివాళ్ల పక్కన. పైన ఇంకో వరుస పడకలు. పైవాళ్లు వాంతి చేసుకుంటే అది ఎవరి మీద పడేదో చెప్పనక్కర్లేదు.

నీళ్లు రోజుకు మూడు క్వార్టులు, మన లెక్కలో దాదాపు 3.4 లీటర్లు. తాగడానికీ, వంటకీ, కడుక్కోవడానికీ అన్నిటికీ అవే. అంతకుముందు వేరే సరుకు మోసిన చెక్క పీపాల్లో పోస్తే ఆ నీళ్లు తొందరగా పాడయ్యేవి. ఓడవాళ్లిచ్చే తిండి వారానికి ఏడు పౌన్లు, అంటే సుమారు 3.2 కిలోల పిండి, బిస్కట్, బియ్యం లాంటివి. వంట ఎవరిది వాళ్లే, పై డెక్‌లో ఉన్న పొయ్యి దగ్గర వంతులవారీగా. తుఫాను వస్తే ముందు ఆర్పేది ఆ పొయ్యినే, తర్వాత మూసేది కిందికి దిగే హ్యాచ్‌ని. గాలీ వెలుతురూ వచ్చేది ఆ దారినే. ఇక పిండిలో నీళ్లు కలుపుకుని పచ్చిగా తినడమే. మరుగుదొడ్డిగా వాడే బకెట్లు దొర్లిపోయేవి, విరేచనాలు పట్టుకునేవి. టైఫస్ జ్వరం మాత్రం పేల వల్ల పాకేది, అప్పట్లో ఆ సంగతి ఎవరికీ తెలియదు. 1847లో క్యూబెక్ దారి పట్టినవాళ్లు సుమారు లక్షమంది. అక్కడి క్వారంటైన్ దీవి గ్రోస్ ఈల్‌లో ఆ ఏడాది పూడ్చిన శవాలు ఐదు వేలకు పైనే.

నకలు దాచేవీ కొన్ని ఉన్నాయి. నేల పొడిగా ఉంటుంది, కరెంటు దీపాలుంటాయి, వాసన లేదు, ఓడ రేవులో కట్టేసి ఉంటుంది కాబట్టి ఊగదు. ప్రయాణికుల వేషంలో వచ్చే నటులు కాస్త అతి చేస్తారు కానీ కేబిన్ టికెట్‌వాళ్లకీ స్టీరేజ్‌వాళ్లకీ, అంటే కింది డెక్ చవక టికెట్‌వాళ్లకీ ఉన్న తేడా బాగానే పట్టిస్తారు. న్యూరాస్‌కి రైలు లేదు. డబ్లిన్ హ్యూస్టన్ స్టేషన్ నుంచి వాటర్‌ఫర్డ్ దాకా రైల్లో వెళ్లి, అక్కడ బస చేసి, బస్సులో వచ్చిపోవడం మేలు. హోటళ్లూ శాకాహారమూ వాటర్‌ఫర్డ్‌లోనే సులువు.

ఇంగ్లండ్‌లో బ్రిస్టల్‌లోని ఎస్.ఎస్. గ్రేట్ బ్రిటన్ అసలు ఓడే. ఇంజనీరు బ్రునెల్ రూపకల్పన, ఇనుప ఒళ్లు, 1843లో నీట దించారు. 1852 నుంచి మెల్‌బోర్న్‌కు వలసజనాన్ని మోసింది, సుమారు 60 రోజుల ప్రయాణం. 1970లో దక్షిణ అట్లాంటిక్‌లోని ఫాక్లండ్స్ దీవుల నుంచి లాక్కొచ్చి, పుట్టిన డాక్‌లోనే నిలబెట్టారు. అడుగు తుప్పు పట్టకుండా గాజు కప్పు కింద గాలిలో తేమను ఎడారిలో ఉన్నంతకు తగ్గించి ఉంచుతారు. ఏర్పాట్లలో దీనికి సాటి లేదు. వీల్‌చైర్‌కి దారి ఉంది, పిల్లలకు తోచుబడి ఉంది, స్టీరేజ్‌లో వాసనలు కూడా కృత్రిమంగా వదులుతారు. అయినా వలస ఓడలన్నీ ఇలాగే ఉండేవనుకుంటే పొరపాటు. ఇది ఆవిరి యంత్రమున్న పెద్ద ఓడ, తాజా మాంసానికీ పాలకీ పశువుల్ని వెంట తీసుకెళ్లేది. డన్‌బ్రోడీ చూశాక వస్తే తేడా తెలుస్తుంది, ముందు ఇది చూస్తే అది చిన్నదిగా కనిపించి నిరాశపడతారు.

మనవాళ్ల ప్రయాణం ఈ రెండింట్లోనూ లేదు. దానికి మారిషస్ వెళ్లాలి. పోర్ట్ లూయిస్ రేవు ఒడ్డున, వచ్చిన కూలీలను దించే డిపో అయిన ఆప్రవాసీ ఘాట్‌ని 1849లో కట్టారు, 2006లో యునెస్కో జాబితాలోకి ఎక్కింది. ఓడ లేదు. ఉన్నవి దిగినవాళ్లు ఎక్కి వచ్చిన 16 రాతి మెట్లు, వంటగది, మరుగుదొడ్లు, ఆసుపత్రి భాగం. మిగతా డిపో చాలావరకు రోడ్డు కిందికి పోయింది. చూడ్డానికి గంట చాలు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు నుంచీ, మద్రాసు నుంచీ ఒప్పంద కూలీలుగా వెళ్లిన తెలుగువాళ్ల దారి ఇది. కోరంగికి ఇప్పుడు జనం వెళ్లేది మడ అడవులు చూడ్డానికి.

కూలీ ఓడల లెక్క వేరు. 1864 నాటి భారత చట్టం పెద్దవాళ్లకు 72 ఘనపుటడుగుల చోటు ఉండాలంది. ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, ఆరడుగుల ఎత్తు. ఐర్లండ్ మూర కంటే ఎక్కువే అనిపిస్తుంది కానీ నడిచే దారి కూడా అందులోదే. ఒంటరి మగవాళ్లు ముందువైపు, కుటుంబాలు మధ్యలో, ఒంటరి ఆడవాళ్లు వెనకవైపు. వంట ఎవరికివారు కాదు, ఓడలోనే వంటవాళ్లుండేవారు. అన్నం, పప్పు, ఎండుచేప, చింతపండు, మిరపకాయలు. పారిశుద్ధ్యానికి మనుషులు వేరే. వైద్యుడు తప్పనిసరి, ప్రాణాలతో దించినవాళ్ల తలలు లెక్కగట్టి ఆయనకి డబ్బు. 1860లో ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి దక్షిణాఫ్రికాలోని డర్బన్‌కు 342 మందితో ఐదు వారాల్లో చేరింది. అదే ఏడాది కలకత్తా నుంచి అక్కడికే వచ్చిన బెల్వెడేర్ ఓడలో కలరా తగులుకుంది. కలరా ఓడకి డిపోలో, తాగునీళ్లలో, రేవు దాటకముందే అంటుకునేది. సముద్రంలో కనిపెట్టేసరికి ఆలస్యమయ్యేది. మారిషస్‌లో 1856లో అలాంటి రెండు ఓడల జనాన్ని గాబ్రియేల్ దీవిలో దింపితే వందలమంది అక్కడే పోయారు.

పోర్ట్ లూయిస్‌లో బస వద్దు. ఆఫీసులు మూసేశాక ఊరు ఖాళీ, ఆదివారం మరీను. క్వాత్ర్ బోర్న్ ఊరి వైపు బస చేసి, వారం మధ్యలో పొద్దున్నే బస్సులో రండి. విక్టోరియా బస్ స్టేషన్ నుంచి ఘాట్ నడకదూరం. మార్కెట్ దగ్గర ధోల్ పూరి తింటే మధ్యాహ్నం గడిచిపోతుంది.

మారిషస్‌లో బంధువులున్నవాళ్లు ఇంకో పూట మోకా ఊరికి పెట్టుకోవాలి. వలస రిజిస్టర్లు అక్కడి మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నాయి. పేరు పట్టుకుని వెతకొద్దు, గుమస్తా చెవికి వినిపించినట్టు రాసుకున్న పేర్లవి, ఒకే మనిషి పేరు రెండు చోట్ల రెండు రకాలుగా ఉంటుంది. ప్రతి వలసకూలీకీ ఇచ్చిన నంబరు ఉంటుంది. అక్కడి పాత జనన, వివాహ పత్రాల్లో అది దొరికితే ముందు రాసుకుని వెళ్లండి. దాన్నిబట్టి తండ్రి పేరు, ఊరు, ఎక్కిన ఓడ తీస్తారు.