సోల్‌మ్యాన్ 7.2: దేనికి అట్టిపెట్టుకోవాలి, దేనికి వదిలేయాలి

ఎస్‌ఏపీ సిస్టమ్స్ (కంపెనీల వ్యాపార పనులు నడిపే సాఫ్ట్‌వేర్) ఉన్న చాలా చోట్ల, వాటిని నిర్వహించడానికి ఎస్‌ఏపీయే ఇచ్చే సొల్యూషన్ మేనేజర్ (సోల్‌మ్యాన్) ఒక మూల ఉంటుంది. సపోర్ట్ కాంట్రాక్టుతోనే వస్తుంది కాబట్టి ఇన్‌స్టాల్ చేస్తారు. ఆ తర్వాత వారానికోసారి ఎర్లీవాచ్ అనే సిస్టమ్ ఆరోగ్య రిపోర్టు తీయడానికి తప్ప దాని జోలికి పోరు. దీని 7.2 వెర్షన్‌కి మెయిన్‌స్ట్రీమ్ మెయింటెనెన్స్ (ఎస్‌ఏపీ ఇచ్చే మామూలు సపోర్ట్) 2027 చివరితో ముగుస్తుంది. ఎస్‌ఏపీ అందరినీ దీని బదులు క్లౌడ్ ఏఎల్‌ఎమ్ అనే తన క్లౌడ్ సర్వీస్ వైపు నడిపిస్తోంది. ఈ పరిస్థితిలో మా తీర్పు ఇది: చార్మ్ (సిస్టమ్‌లో చేసే మార్పులను అనుమతులతో ప్రొడక్షన్‌దాకా నడిపించే సోల్‌మ్యాన్ భాగం) వాడుతున్న వాళ్లు దాన్ని గడువుదాకా ధీమాగా వాడుకోవచ్చు. మానిటరింగ్ కోసం మాత్రం ఇప్పుడు కొత్తగా ఒక్క సిస్టమ్‌ని కూడా దీనికి కలపొద్దు. రెండింటిలో ఏం చేసినా ముందు ఎల్‌ఎమ్‌డీబీ (మీ సిస్టమ్స్ అన్నిటి వివరాలూ ఉండే సోల్‌మ్యాన్ డేటాబేస్) శుభ్రంగా ఉండాలి.

ఎందుకంటే సోల్‌మ్యాన్‌లో ప్రతి పనీ ఎల్‌ఎమ్‌డీబీలో ఉన్న సమాచారాన్ని నమ్ముకునే జరుగుతుంది. ఏబాప్ (ఎస్‌ఏపీ సొంత ప్రోగ్రామింగ్ భాష) మీద నడిచే సిస్టమ్‌లో ఆర్‌జెడ్70 అనే ట్రాన్సాక్షన్ నడిపితే ఆ సిస్టమ్ వివరాలు ఎస్‌ఎల్‌డీ అనే సిస్టమ్స్ జాబితాకి వెళ్తాయి, అక్కడి నుంచి ఎల్‌ఎమ్‌డీబీకి సింక్ అవుతాయి. జావా సిస్టమ్స్‌కి, హానా (ఎస్‌ఏపీ డేటాబేస్) సిస్టమ్స్‌కి ఇలా వివరాలు పంపే వాటి వాటి డేటా సప్లయర్లు ఉన్నాయి. ఆర్‌జెడ్70 జాబ్ మామూలుగా 12 గంటలకోసారి నడుస్తుంది. సిస్టమ్ కాపీ చేసినా డేటాబేస్ హోస్ట్ మార్చినా అంతసేపు ఆగకండి, చేత్తో ఒకసారి నడపండి.

చిక్కంతా ఆ హోస్ట్ మార్పు దగ్గరే వస్తుంది. ఏబాప్ సిస్టమ్‌ని ఎస్‌ఐడీ (మూడక్షరాల సిస్టమ్ పేరు) ఒక్కదానితో గుర్తించరు, దానితో పాటు డేటాబేస్ హోస్ట్ పేరు కూడా చూస్తారు. క్యూఏఎస్ అనే సిస్టమ్‌ని కొత్త హార్డ్‌వేర్ మీదికి మార్చారనుకోండి. ఎల్‌ఎమ్‌డీబీ దాన్ని ఇంకో సిస్టమ్ అనుకుని క్యూఏఎస్00001 అని పేరు పెట్టి పక్కన కూర్చోబెడుతుంది. మానిటరింగ్ పాతదాని మీదే ఉండిపోతుంది, కొత్త డేటా రెండోదానికి వస్తుంటుంది, అప్‌గ్రేడ్‌లు ప్లాన్ చేసే ఎస్‌ఏపీ టూల్ మెయింటెనెన్స్ ప్లానర్‌లో రెండూ కనిపిస్తాయి. ఇలాంటప్పుడు రెండు ఎంట్రీల్లోనూ డేటాబేస్ హోస్ట్, చివరిసారి అప్‌డేట్ అయిన తేదీ పోల్చి చూడండి. తేదీ ఆగిపోయినదే పాతది. దాన్ని ఎల్‌ఎమ్‌డీబీలోనే కాదు, ఎస్‌ఎల్‌డీలోనూ తీసేయాలి. ఎస్‌ఎల్‌డీలో మిగిలిపోతే మళ్లీ సింక్‌లో వచ్చేస్తుంది.

ప్రాడక్ట్ వెర్షన్లు తప్పుగా ఉన్నా ఇంతే తలనొప్పి. ఎప్పుడో తీసేసిన యాడ్-ఆన్ ఇంకా ఉన్నట్టు నమోదై ఉంటే మెయింటెనెన్స్ ప్లానర్‌లో వెరిఫై ఎర్రగా వస్తుంది, అప్‌గ్రేడ్‌లో ఏమేం ఎక్కించాలో చెప్పే స్టాక్ ఫైలు రాదు. సాధారణంగా ఇది అప్‌గ్రేడ్ మొదలుపెట్టాల్సిన రోజే బయటపడుతుంది. ఇన్‌స్టాల్డ్ సాఫ్ట్‌వేర్ సమాచారాన్ని సరిచేసే సీఐఎస్‌ఐ పద్ధతి దీనికోసమే ఉంది. అప్‌గ్రేడ్‌కి కనీసం నెల ముందు ప్రతి సిస్టమ్‌ని వెరిఫై చేసి పెట్టుకుంటే ఆ రోజు కంగారు ఉండదు.

ఇక చార్మ్. సోల్‌మ్యాన్‌ని ఇన్నేళ్లు నిలబెట్టింది ఇదే అంటాం. నార్మల్ చేంజ్‌లో (మిగతావాటితో కలిసి నిర్ణీత సమయంలో ప్రొడక్షన్‌కి వెళ్లే మార్పు) డెవలపర్ పని టెస్టింగ్‌కి పంపితే, ఆ మార్పుని మోసుకెళ్లే అసలైన ట్రాన్స్‌పోర్ట్ రిలీజ్ కాదు. దాని కాపీ మాత్రమే క్వాలిటీ (టెస్టింగ్) సిస్టమ్‌కి వెళ్తుంది. టెస్టర్ ఐదుసార్లు వెనక్కి పంపితే ఐదు కాపీలు వెళ్తాయి. టెస్ట్ పాసయ్యాక అసలుది ఒక్కసారే రిలీజ్ అవుతుంది, కాబట్టి ప్రొడక్షన్ బఫర్‌లో (అక్కడికి ఎక్కడానికి ఎదురుచూసే ట్రాన్స్‌పోర్ట్‌ల వరుస) చెత్త చేరదు.

అర్జెంట్ చేంజ్ విషయంలో దీని పనితనం ఇంకా బాగుంటుంది. ఒక ప్రోగ్రామ్ పాత వెర్షన్ నార్మల్ చేంజ్‌లో రిలీజై బఫర్‌లో ఎదురుచూస్తోంది. ఈలోగా ప్రొడక్షన్‌లో ఇబ్బంది వచ్చి అదే ప్రోగ్రామ్‌ని అర్జెంట్ చేంజ్‌తో సరిచేసి వెంటనే పంపారు. నెలాఖరున నార్మల్ చేంజ్‌లు వెళ్లినప్పుడు పాత వెర్షన్ వచ్చి కొత్తదాన్ని చెరిపేయాలి కదా. అలా జరగదు. అర్జెంట్ ట్రాన్స్‌పోర్ట్‌ని చార్మ్ బఫర్‌లోనే ఉంచుతుంది, నెలాఖరున అన్నీ కలిపి ఎక్కించే సైకిల్ ఇంపోర్ట్‌లో రిలీజైన వరుసలోనే మళ్లీ ఎక్కిస్తుంది. ఎక్సెల్ షీట్‌లో ట్రాన్స్‌పోర్ట్ నంబర్లు రాసుకుని ఎస్‌టీఎమ్‌ఎస్‌లో (ట్రాన్స్‌పోర్ట్‌లను చేత్తో ఎక్కించే ట్రాన్సాక్షన్) ఒక్కొక్కటీ ఎక్కించే టీముల్లో ప్రొడక్షన్ చాలాసార్లు దెబ్బతినేది సరిగ్గా ఇక్కడే.

అయితే దీనికి కొన్ని షరతులున్నాయి. టీఎమ్‌ఎస్ (ఎస్‌ఏపీ ట్రాన్స్‌పోర్ట్ వ్యవస్థ) రూట్లు క్లయింట్ నంబర్‌తో సహా ఉండాలి, వాటిని ఎక్కించే టీపీ ప్రోగ్రామ్‌లో సీటీసీ అనే పరామీటర్ 1 గా ఉండాలి, సోల్‌మ్యాన్ ఒక ట్రాన్స్‌పోర్ట్ డొమైన్‌లో మిగతావి ఇంకో డొమైన్‌లో ఉంటే వాటి మధ్య డొమైన్ లింక్ ఉండాలి. సెటప్ అయ్యాక ఎక్కువగా ఆగిపోయేది మాత్రం టీఎమ్‌డబ్ల్యూ ఆర్‌ఎఫ్‌సీ యూజర్ (చార్మ్ మిగతా సిస్టమ్స్‌కి కనెక్ట్ అవడానికి వాడే యూజర్) వల్ల. సెక్యూరిటీ టీమ్ ఎవరికీ చెప్పకుండా ఆ యూజర్‌ని లాక్ చేస్తుంది, డెవలపర్లు స్టేటస్ మారడం లేదని టికెట్లు వేస్తారు. మరో ముఖ్యమైన మాట: ఎస్‌టీఎమ్‌ఎస్ నుంచి నేరుగా ఇంపోర్ట్ చేసే ఆథరైజేషన్‌ని ఒక్కరిద్దరికి మించి ఉంచకండి. పక్కదారి తెరిచి ఉంటే చార్మ్ లెక్కకీ సిస్టమ్‌లో ఉన్నదానికీ పొంతన పోతుంది.

ఒకే ఆబ్జెక్ట్‌ని రెండు చేంజ్‌లు ఒకేసారి మారుస్తుంటే ఆపే క్రాస్ సిస్టమ్ ఆబ్జెక్ట్ లాక్ కూడా ఆన్ చేయాల్సిందే. రెండు డెవలప్‌మెంట్ ట్రాక్‌లు నడుపుతూ, ఒకదానిలోని మార్పుల్ని రెండోదానికి తీసుకెళ్లే రెట్రోఫిట్ వాడే వాళ్లకైతే అది తప్పనిసరి, అది లేకపోతే ఏ ఆబ్జెక్ట్‌ని ఆటోమేటిక్‌గా తీసుకెళ్లొచ్చో రెట్రోఫిట్‌కి తెలియదు. దీని లోపం ఏమిటంటే, మధ్యలో వదిలేసిన చేంజ్‌ల లాక్‌లు అలాగే మిగిలిపోయి వేరేవాళ్ల పనికి అడ్డం పడతాయి. లాక్ మానిటర్ తెరిచి వారానికోసారి పాతవి తీసేసే పని ఎవరో ఒకరికి అప్పగించాలి.

మానిటరింగ్ విషయంలో ఇంత మెచ్చుకోలేం. ఒక్క మెట్రిక్ తెర మీదికి రావాలంటే సర్వర్ల మీద ఉండి డేటా సేకరించే హోస్ట్ ఏజెంట్, డయాగ్నస్టిక్స్ ఏజెంట్, సోల్‌మ్యాన్ జావా, ఏబాప్ అన్నీ బాగుండాలి. పైగా 7.2 నుంచి ఏబాప్, జావా రెండు వేర్వేరు సిస్టమ్స్, రెండిటికీ విడివిడిగా ప్యాచింగ్, బ్యాకప్ చూసుకోవాలి. డేటా తెచ్చే ఎక్స్‌ట్రాక్టర్లు నిమిషానికోసారి నడిచే రిసోర్స్ మేనేజర్ జాబ్ మీద ఆధారపడతాయి. ఆ జాబ్ ఆగితే మెట్రిక్‌లు బూడిద రంగులోకి మారతాయి. ఎర్రగా మారితే ఎవరైనా ఫోన్ చేస్తారు, బూడిద రంగుని ఎవరూ పట్టించుకోరు. డిస్క్ నిండిపోయిన రోజు అలర్ట్ ఎందుకు రాలేదని వెతికితే ఏజెంట్ ఎప్పుడో తెగిపోయిందని అప్పుడు తెలుస్తుంది.

క్లస్టర్ల మీద నడిచే సిస్టమ్స్‌కి ఇంకో ముడి ఉంది. వర్చువల్ హోస్ట్ పేరుతో నడిచే ఇన్‌స్టాన్స్ ఒక నోడ్ నుంచి ఇంకోదానికి మారితే, భౌతిక హోస్ట్ పేరు మీద వేసిన ఏజెంట్ దానితో పాటు కదలదు. ఇన్‌స్టాన్స్ ఎక్కడికి మారితే అక్కడ ఏజెంట్‌ని నడిపే ఏజెంట్స్ ఆన్ ద ఫ్లై సెట్ చేస్తేనే పని జరుగుతుంది. ఇప్పటికే వాడుతున్న వాళ్లు ఎస్‌ఏపీ ఇచ్చిన మానిటరింగ్ టెంప్లేట్‌లను అలాగే పెట్టుకోకండి. కాపీ చేసుకుని, ఎవరూ చర్య తీసుకోని అలర్ట్‌లన్నీ ఆపేయండి. ప్లాన్డ్ డౌన్‌టైమ్‌ని వర్క్ మోడ్‌లో ముందే నమోదు చేయకపోతే ఆదివారం రాత్రి ప్యాచింగ్‌కి వచ్చే అలర్ట్‌లతో మెయిల్ బాక్స్ నిండిపోతుంది.

భద్రత గురించి గట్టిగా చెప్పాలి. ల్యాండ్‌స్కేప్ మొత్తానికి దారులు ఈ ఒక్క సిస్టమ్ నుంచే ఉంటాయి. సీవీఈ-2020-6207 అనే భద్రతా లోపం దీన్ని రుజువు చేసింది: యూజర్ ఎక్స్‌పీరియన్స్ మానిటరింగ్ సర్వీస్‌లో లాగిన్ తనిఖీ లేకపోవడంతో, సోల్‌మ్యాన్‌కి తగులుకున్న ఏజెంట్లన్నీ బయటివాళ్ల చేతికి చిక్కే వీలుండేది. తీవ్రత స్కోరు 10కి 10. 2020 మార్చిలో ప్యాచ్ వచ్చింది, 2021 జనవరిలో దాడి కోడ్ బయట అందరికీ దొరికింది. బిజినెస్ యూజర్లు ఎవరూ లాగిన్ కారు కదా అని సోల్‌మ్యాన్ ప్యాచింగ్‌ని వాయిదా వేసే అలవాటు చాలా ప్రమాదకరం. ప్రొడక్షన్‌కి ఇచ్చే ప్రాధాన్యమే దీనికీ ఇవ్వాలి.

క్లౌడ్ ఏఎల్‌ఎమ్‌కి సిస్టమ్ కలపడం దీనితో పోలిస్తే చాలా హాయి. డయాగ్నస్టిక్స్ ఏజెంట్ ఉండదు, సిస్టమే డేటాని బయటికి పంపుతుంది. డేటా పంపడానికి కావలసిన ఎస్‌టీ-పీఐ యాడ్-ఆన్‌ని తాజా సపోర్ట్ ప్యాక్‌కి తెచ్చుకోండి, సర్టిఫికెట్లు చూసుకునే ఎస్‌ట్రస్ట్ ట్రాన్సాక్షన్‌లో రూట్ సర్టిఫికెట్ ఎక్కించండి, బ్యాక్‌గ్రౌండ్ యూజర్‌కి రోల్ ఇవ్వండి, ఏఎల్‌ఎమ్ సెటప్ ట్రాన్సాక్షన్‌లో క్లౌడ్ ఏఎల్‌ఎమ్ నుంచి తీసుకున్న సర్వీస్ కీ అతికించి కావలసిన యూజ్ కేసులు ఎంచుకోండి. రిజిస్ట్రేషన్ విఫలమైతే ముందు సర్టిఫికెట్, ఆ తర్వాత ప్రాక్సీ, 443 పోర్టు చూడండి.

కానీ అందులో సొంత టికెటింగ్ లేదు, బయటి ఐటీఎస్‌ఎమ్ (ఐటీ సమస్యల టికెట్లు చూసే) టూల్‌తో కలుపుకోవాలి. చార్మ్‌లో మీ కంపెనీకి తగ్గట్టు స్టేటస్‌లు, అప్రూవల్స్ మార్చుకున్నంత స్వేచ్ఛ అక్కడ దొరకదు. అందుకే మొదట మానిటరింగ్‌ని తరలించండి, చార్మ్‌ని చివరికి ఉంచండి. పాత చేంజ్ డాక్యుమెంట్లను మాత్రం ఇప్పుడే ఆడిట్ టీమ్‌తో కూర్చుని తేల్చుకోండి: ఎన్నేళ్లవి కావాలి, ఎవరు అప్రూవ్ చేశారో, ఏ ట్రాన్స్‌పోర్ట్ ఏ రోజు ప్రొడక్షన్‌కి వెళ్లిందో ఏ రూపంలో దాచాలి అని. సోల్‌మ్యాన్‌ని ఆపాక ఆ వివరాలు అడిగితే బ్యాకప్ తీసి సిస్టమ్‌ని మళ్లీ లేపాల్సి వస్తుంది.